రెండో డిస్కు సంగతి మరిచారా?

పాత కంప్యూటర్‌తో పాటు చాందినీ బజారుకు యజమాని గుట్టు, అతన్ని నమ్మినవాళ్ల గుట్టు కూడా చేరుతున్నాయి

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌ను ఎరిగినవాళ్లకు కోల్‌కతా చాందినీ గురించి పెద్దగా వర్ణించి చెప్పనక్కర్లేదు. చాందినీ చౌక్ మెట్రో స్టేషన్ మెట్లెక్కి పైకి వస్తే ఫుట్‌పాత్ మీదే రిమోట్లు, ఛార్జర్లు, చుట్టలు చుట్టిన కేబుళ్లు. సాబిర్ హోటల్ రెజాలా ఘుమఘుమలు దాటి ప్రిన్సెప్ స్ట్రీట్ దాకా నడిస్తే కొత్తా పాతా కంప్యూటర్ భాగాల లోకం. ఇక్కడ ఏ యంత్రానికీ చావు లేదు. ఎవరింట్లోనో మూలపడ్డ డెస్క్‌టాప్ ఇక్కడికి చేరాక ర్యామ్ ఒక దారి, పవర్ సప్లై ఒక దారి, మానిటర్ మరో దారి పడతాయి. హార్డ్ డిస్కు ఎవరి చేతికి వెళ్తుందో అమ్మినవాడికి తెలియదు. అది ఎవరిదో కొన్నవాడికీ తెలియనక్కర్లేదు. కానీ తెలుసుకోవాలనుకుంటే అదేమంత కష్టం కాదు.

ఈ బజారుకు సరుకు తోలడంలో మైక్రోసాఫ్ట్ చెయ్యి కూడా ఉంది. విండోస్ 10కు ఇచ్చే మామూలు భద్రతా అప్‌డేట్లను ఆ సంస్థ 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. ప్రత్యేకంగా నమోదు చేసుకున్న ఇళ్లకు మాత్రం 2026 అక్టోబర్ దాకా పొడిగింపు ఇచ్చింది. విండోస్ 11కు మారదామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ప్రాసెసర్ ఇంటెల్‌దయితే దాదాపుగా ఎనిమిదో తరం, అంటే 2017 తర్వాతిది కావాలి. అంతకుముందు కొన్న లక్షణమైన కంప్యూటర్లు ఒక్క తేదీతో పాతబడిపోయాయి. వీటిలో చాలావాటికి మధ్యలో వైద్యం కూడా జరిగింది. 4 జీబీ ర్యామ్ 8 అయింది. హార్డ్ డిస్కు పక్కన ఎస్ఎస్‌డీ వచ్చి చేరింది. అసలు చిక్కు ఆ వైద్యంలోనే ఉంది.

బెహాలాలోనో దమ్‌దమ్‌లోనో ఒక మధ్యతరగతి ఇల్లు అనుకోండి. 2013లో కొన్న డెస్క్‌టాప్. ఆన్ చేసి టీ కాచుకుని వచ్చినా తెర మీద గుండ్రం తిరుగుతూనే ఉందని 2019లో ఎస్ఎస్‌డీ వేయించారు. మెకానిక్ పాత డిస్కులోని విండోస్‌ను, ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టు కొత్తదానిలోకి ఎక్కించాడు. పాత డిస్కును ఫొటోలకు పనికొస్తుందని పెట్టెలోనే వదిలేశాడు. వేగం పుంజుకుంది, ఇంటిల్లిపాదీ సంతోషించారు, పాత డిస్కు మాట మర్చిపోయారు. అమ్మే రోజు వచ్చింది. ఇంట్లో కాస్త కంప్యూటర్ తెలిసిన కుర్రాడు విండోస్‌లోని ‘రీసెట్’ నొక్కాడు. గంటలో యంత్రం కొత్త పెళ్లికూతురిలా ముస్తాబై కూర్చుంది. కానీ తానుగా మార్చి చెప్పకపోతే ఆ రీసెట్ విండోస్ ఉన్న డ్రైవ్ జోలికే పోతుంది, పక్క డిస్కును ముట్టదు. విండోస్ ఉన్న డ్రైవ్‌ను కూడా పూర్తిగా తుడవమని విడిగా ఒక మీట నొక్కి చెప్పాలి, లేకపోతే పైపైన సర్దేసి ఊరుకుంటుంది. అంటే 2013 నుంచి 2019 దాకా ఆ ఇంటి చరిత్ర పెళ్లి ఫొటోలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆధార్ స్కాన్లతో సహా రిక్షా ఎక్కి చాందినీకి బయల్దేరింది.

ఎస్ఎస్‌డీ వేయించిన రోజే పాత డిస్కును మెకానిక్‌కు ఇచ్చేసి బిల్లులో కాస్త తగ్గించుకున్నవాళ్లూ ఉంటారు. వాళ్ల గుట్టు ఆరేళ్ల ముందే బజారున పడిందన్నమాట.

చెరిపేసిన ఫైలు ఎందుకు చెరిగిపోదన్నది చాలామందికి ఇప్పటికీ అంతుపట్టని విషయం. అలీపూర్ బెల్వెడేర్ ఎస్టేట్‌లోని నేషనల్ లైబ్రరీని ఊహించుకుంటే తేలిగ్గా అర్థమవుతుంది. ఏ పుస్తకం ఎక్కడుందో చెప్పే కార్డుల బీరువాలోంచి ఒక కార్డు చింపేస్తే పుస్తకం దొరకడం మానేస్తుంది, పుస్తకం మాత్రం అరలోనే ఉంటుంది. కంప్యూటర్‌లో ‘డిలీట్’ చేసేది ఆ కార్డు చింపడమే. రీసైకిల్ బిన్ ఖాళీ చేసినా అంతే. ‘క్విక్ ఫార్మాట్’ అయితే కార్డుల బీరువాను మొత్తంగా తీసేసి కొత్త బీరువా పెడుతుంది. అరలన్నీ వరసగా వెతికే ఓపిక ఉన్నవాడికి పుస్తకాలన్నీ దొరుకుతాయి. రెకువా, ఫొటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లకు ఉన్నది సరిగ్గా ఆ ఓపికే. విండోస్ విస్టా వచ్చిన 2007 నుంచి పూర్తి ఫార్మాట్ చేస్తే డిస్కు నిండా సున్నాలు రాస్తోంది. అంతకుముందు ఎక్స్‌పీ కాలంలో అదీ లేదు. గంటల తరబడి ఫార్మాట్ చేసినా పాత రాత అలాగే ఉండేది. ఎక్స్‌పీ రోజుల్లో నేర్చుకున్న విద్యనే ఇప్పటికీ నమ్ముకున్న మెకానిక్‌లు కనిపిస్తూనే ఉంటారు. వాళ్లను తప్పుపట్టడానికీ లేదు, కస్టమర్ అడిగేది వేగాన్నే కదా.

ఇదంతా ఊహల భయం కాదనడానికి రుజువులు పాతవే. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ విద్యార్థులు సింసన్ గార్ఫింకెల్, అభి షెలాత్ 2000-2002 మధ్య సెకండ్ హ్యాండ్ బజార్లలో 158 హార్డ్ డిస్కులు కొన్నారు. వాటిలో పనిచేసినవి 129. వాటిలోనూ సరిగ్గా తుడిచి అమ్మినవి 12 మాత్రమే. మిగతావాటిలో 5,000కు పైగా క్రెడిట్ కార్డు నంబర్లు, ప్రేమలేఖలు, వైద్యానికి సంబంధించిన కాగితాలు బయటపడ్డాయి. ఒక డిస్కు అయితే ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒక ఏటీఎంలోంచి వచ్చినట్టు తేలింది. దాన్ని తుడవడానికి ఎవరూ ప్రయత్నమే చెయ్యలేదు. 2009లో అమెరికన్ టీవీ కార్యక్రమం ‘ఫ్రంట్‌లైన్’ కోసం ఘనా వెళ్లిన జర్నలిజం విద్యార్థులు అక్కడి బజారులో 40 డాలర్లకు కొన్న డిస్కులో రక్షణ కంపెనీ నార్త్రోప్ గ్రుమన్ కాంట్రాక్టుల పత్రాలు కనిపించాయి.

వీటన్నిటినీ మించినది కాబూల్ ఉదంతం. 2001లో తాలిబాన్ నగరం వదిలి పారిపోయిన రోజులు. వాల్ స్ట్రీట్ జర్నల్ విలేకరి అలన్ కల్లిసన్ కంప్యూటర్ హిందూకుష్ కొండల దారిలో పాడైంది. వార్తలు పంపడానికి ఇంకోటి కావాలి. వెతగ్గా వెతగ్గా ఒక వ్యాపారి దగ్గర ఒక డెస్క్‌టాప్, ఒక ల్యాప్‌టాప్ దొరికాయి. 1,100 డాలర్లకు బేరం కుదిరింది. తీరా చూస్తే ఆ డెస్క్‌టాప్ అల్ ఖాయిదా నాయకులు వాడింది. అయ్‌మన్ అల్ జవాహిరీ ఉత్తరాలతో సహా వందల పత్రాలు అందులో ఉన్నాయి. ప్రపంచంలోని గూఢచారి సంస్థలన్నీ వెతుకుతున్నవాళ్ల మంతనాలు సెకండ్ హ్యాండ్ బేరంలో ఒక విలేకరి ఒళ్లో పడ్డాయి. ఇంటిగుట్టు లంకకు చేటు అన్న సామెత వాళ్లకెవరూ చెప్పినట్టు లేదు.

కోల్‌కతా సామాన్యుడి డిస్కులో అంత రహస్యాలేముంటాయని నవ్వేయొచ్చు. దాచడానికి తన దగ్గరేమీ లేదని ధీమాగా చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ ఆ డిస్కులో ఉన్నవి వాళ్ల సొంతవి మాత్రమే అయితే కదా! పాడాల్లో, అంటే ఇక్కడి పేటల్లో, జూలై వచ్చిందంటే పదిమందికి ఆదాయపు పన్ను రిటర్నులు నింపిపెట్టే రిటైర్డ్ ఉద్యోగి ఉంటాడు. అతని డెస్క్‌టాప్‌లో ఆ పదిమంది పాన్ నంబర్లు, జీతాలు, అప్పులు అన్నీ ఉంటాయి. మెడలో స్టెతస్కోపు వేసుకునే డాక్టరు గారి క్లినిక్‌లో రోగుల జాబితా ఉంటుంది. వీధి చివరి జిరాక్స్, డీటీపీ దుకాణంలో రేషన్ కార్డు దరఖాస్తు కోసం వచ్చిన ప్రతివారి ఆధార్ స్కానూ ‘న్యూ ఫోల్డర్’, ‘న్యూ ఫోల్డర్ 2’ అనే పేర్ల కింద పేరుకుపోయి ఉంటుంది. పెళ్లి ఫొటోలు తీసే స్టూడియోవాడి డిస్కు సంగతి చెప్పనక్కర్లేదు. వీళ్లెవరూ చెడ్డవాళ్లు కాదు. వాళ్ల దగ్గరికి వచ్చినవాళ్లు నమ్మి కాగితాలిచ్చారు, పని అయిపోయింది, కాగితాలు వెనక్కి వెళ్లాయి. స్కాన్ మాత్రం ఉండిపోయింది. కంప్యూటర్ అమ్మేటప్పుడు ఆ వందలాది మందిని అడిగేవాడెవడు?

చట్టం ఇప్పుడిప్పుడే ఈ ప్రశ్న దగ్గరికి వస్తోంది. పార్లమెంటు 2023 ఆగస్టులో ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం, ఇతరుల సమాచారాన్ని సేకరించినవాళ్లు అవసరం తీరాక దాన్ని చెరిపేయాలి. భద్రతలో విఫలమైతే 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. దీని నిబంధనలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి. ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు. ఇంట్లో సొంత అవసరానికి ఉంచుకున్న సమాచారానికి ఈ చట్టం వర్తించదు. జిరాక్స్ దుకాణానికి, క్లినిక్‌కు ఆ మినహాయింపు లేదు. అయితే ప్రిన్సెప్ స్ట్రీట్‌లో కిలోల లెక్కన చేతులు మారే డిస్కుల్లో ఏది ఏ దుకాణానిదో ఎవరు తేలుస్తారన్నది వేరే సంగతి. పెద్ద సంస్థల విషయంలోనైతే తేలింది. కాలం చెల్లిన కంప్యూటర్లను వదిలించుకునే పనిని మోర్గాన్ స్టాన్లీ ఈ విద్యలో అనుభవం లేని ఒక సామాన్ల రవాణా కంపెనీకి అప్పగించింది. కస్టమర్ల వివరాలున్న యంత్రాలు తుడవకుండానే ఇంటర్నెట్ వేలంలో తేలాయి. దాదాపు కోటిన్నర మంది సమాచారాన్ని కాపాడలేకపోయినందుకు అమెరికా సెక్యూరిటీస్ నియంత్రణ సంస్థ 2022 సెప్టెంబర్‌లో ఆ బ్యాంకుకు మూడున్నర కోట్ల డాలర్ల జరిమానా వేసింది.

మరి తుడవడం ఎలా? పాతరకం తిరిగే హార్డ్ డిస్కు అయితే పని సులువే, కావాల్సింది ఓపిక. దాని మీద మొదటి నుంచి చివరిదాకా ఒక్కసారి సున్నాలు రాస్తే చాలు. విండోస్‌లోనే ఉన్న ‘డిస్క్‌పార్ట్’లో ‘క్లీన్ ఆల్’ అనే ఆదేశం ఆ పని చేస్తుంది. చివర్లో ‘ఆల్’ మర్చిపోతే మళ్లీ కార్డుల బీరువా కథే. డిస్కు నంబరు తప్పు కొడితే తుడవకూడనిది తుడిచిపెట్టుకుపోతుంది, కాబట్టి బ్యాకప్ తీసిన బయటి డిస్కును ముందే పీకి పక్కన పెట్టడం మంచిది. పెన్‌డ్రైవ్ నుంచి నడిచే ష్రెడ్‌ఓఎస్ లాంటి ఉచిత సాధనాలూ ఉన్నాయి. ఒకప్పుడు అందరి నోటా నానిన డీబ్యాన్‌కు 2015 తర్వాత కొత్త వెర్షన్ రాలేదు. 1 టీబీ డిస్కును ఒకసారి తుడవడానికి రెండు మూడు గంటలు పడుతుంది.

35 సార్లు తుడవాలనే నమ్మకం ఒకటి ఇంకా చలామణిలో ఉంది. న్యూజిలాండ్ శాస్త్రవేత్త పీటర్ గట్మన్ 1996లో రాసిన వ్యాసం దీనికి మూలం. అప్పటి రకరకాల డిస్కులన్నిటికీ సరిపోయేలా ఆయన చెప్పిన లెక్క అది. దాన్ని మంత్రంలా జపించొద్దని తర్వాత ఆయనే మొత్తుకున్నా వినేవాళ్లు లేకపోయారు. ఇప్పటి డిస్కులకు ఒక్కసారి రాయడం మామూలుగా సరిపోతుందని అమెరికా ప్రమాణాల సంస్థ 2014 మార్గదర్శకాల్లోనూ ఉంది. 1 టీబీ డిస్కును 35 సార్లు తుడవాలంటే మూడు రోజులు పైగా కరెంటు కాల్చాలి. ఇక డిస్కు మీద వంటింటి అయస్కాంతం రుద్దడం అన్నది కాలక్షేపానికి తప్ప మరెందుకూ పనికిరాదు. టకటకమని చప్పుడు చేస్తూ చావుకు దగ్గరైన డిస్కును మాత్రం తుడిచే ప్రయత్నమే వృథా. పాడైన చోట్లకు సాఫ్ట్‌వేర్ చేరలేదు. దానికి సుత్తే మందు.

ఎస్ఎస్‌డీ దగ్గర ఈ విద్య పారదు. అందులో గుమాస్తా వేరే రకం. ఒకే అర మాటిమాటికీ వాడితే అరిగిపోతుందని ప్రతి కొత్త కాగితాన్నీ కొత్త అరలో పెడతాడు, యజమానికి మాత్రం పాత చోటే ఉందని చెబుతాడు. పైగా ఎవరికీ చూపించని కొన్ని అరలు విడిగా అట్టేపెట్టుకుంటాడు. పైనుంచి సున్నాలు రాయమంటే రాస్తాడు, ఎక్కడ రాశాడో చెప్పడు. అందుకే గుమాస్తాకే ఆజ్ఞ ఇవ్వాలి. ‘సెక్యూర్ ఎరేజ్’ అంటే అదే. శామ్‌సంగ్, క్రూషియల్, కింగ్‌స్టన్ లాంటి కంపెనీలు తమ ఎస్ఎస్‌డీల కోసం ఇచ్చే సాఫ్ట్‌వేర్‌లో చాలావరకు ఆ సదుపాయం ఉంటుంది. కొన్ని మదర్‌బోర్డుల బయోస్‌లోనూ ఉంటుంది. విండోస్ నడుస్తున్న డ్రైవ్ తనను తాను చెరుపుకోలేదు కనుక పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చెయ్యాలి. నిమిషాల్లో అయిపోతుంది, కానీ ఆ నిమిషాల్లో కరెంటు పోకూడదు. మధ్యలో ఆగితే డ్రైవ్ తాళం పడి కూర్చునే ప్రమాదం ఉంది. లోడ్ షెడ్డింగ్ అనే మాటతో బాల్యం గడిపిన నగరానికి యూపీఎస్ గురించి వేరే చెప్పాలా?

ఈ ఆజ్ఞను కూడా గుడ్డిగా నమ్మడానికి లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌డీగో పరిశోధకులు 2011లో పన్నెండు ఎస్ఎస్‌డీలను పరీక్షిస్తే ఒకదానిలో చెరిపేశామని సమాధానం వచ్చినా సమాచారం చెక్కుచెదరలేదు. అప్పటితో పోలిస్తే పరిస్థితి మెరుగైంది, అయినా తుడిచాక ఏదో ఒక రికవరీ సాఫ్ట్‌వేర్‌తో స్వయంగా వెతికి చూసుకోవడంలో తప్పులేదు. ఒక్క పెళ్లి ఫొటో తేలినా పని మళ్లీ మొదటికొచ్చినట్టే. అన్నిటికన్నా తేలిక మార్గం కొన్న మొదటిరోజే డిస్కును బిట్‌లాకర్‌తో గుప్తలిపిలోకి మార్చడం. అప్పుడు తాళంచెవి పారేస్తే చాలు, లోపలున్నది చెత్తతో సమానం. విండోస్ ప్రొఫెషనల్ రకాల్లోనే పూర్తిస్థాయి బిట్‌లాకర్ ఉంది. హోమ్ వాడే పాత డెస్క్‌టాప్‌ల వాళ్లకు ఆ అదృష్టం లేదు.

యంత్రం జ్ఞాపకశక్తితో కోల్‌కతాకున్న బాంధవ్యం దేశంలో మరే నగరానికీ లేదు. భారతదేశపు తొలి డిజిటల్ కంప్యూటర్ హెచ్ఈసీ-2ఎం 1955లో దిగింది ఇక్కడి బరానగర్‌లోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లోనే. అయస్కాంతపు పూత పూసిన డ్రమ్ము దాని జ్ఞాపకం. అందులో పట్టేది 1,024 పదాలు. ఇవాళ ఒక చిన్న ఫొటోకు కూడా అది చాలదు. ఆ తర్వాత పదేళ్లకు ఇదే నగరంలో ఎల్ఐసీ ఉద్యోగులు ఉద్యోగాలు పోతాయన్న భయంతో కంప్యూటర్ పెట్టనివ్వకుండా ఇలాకో హౌస్ చుట్టూ రాత్రింబవళ్లు కాపలా కాశారు. అక్కడికి ఎంతో దూరంలో లేని చాందినీలో ఇప్పుడు తుడవని డిస్కులు గోనెసంచుల్లో తిరుగుతున్నాయి. వాటికి కాపలా లేదు.

తుడిచే ముందు చేసుకోవాల్సిన చిన్న పనులు కొన్ని ఉన్నాయి. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులను వేరేచోటికి మార్చుకోవడం, ట్యాలీ లాంటి సాఫ్ట్‌వేర్ లైసెన్స్‌ను ఆ యంత్రం నుంచి సరెండర్ చెయ్యడం, మైక్రోసాఫ్ట్ ఖాతాలోంచి ఆ కంప్యూటర్ పేరు తీసేయడం. పెట్టె పక్క రేకు విప్పి లోపల ఎన్ని డిస్కులున్నాయో కళ్లారా చూసుకోవడం వీటన్నిటికన్నా ముఖ్యం. రెండు నిమిషాల పని, ఒక స్క్రూడ్రైవర్ చాలు. కొనేవాడికి విండోస్ 10 కథ ముగిసిందన్న మాట కూడా ముందే చెప్పడం న్యాయం. లైనెక్స్ వేసి ఇస్తే ఆ పాత యంత్రమే పిల్లల చదువుకు ఇంకొన్నేళ్లు నిక్షేపంగా పనికొస్తుంది.

డిస్కులు తీసేసి ఒట్టి పెట్టెను తీసుకెళ్తే చాందినీ వ్యాపారి పెదవి విరుస్తాడు. ధర తగ్గించి అడుగుతాడు. ఆ తేడా మహా అయితే కొన్ని వందలు. తుడిచే తీరిక లేనివాళ్లు ఆ నష్టానికి ఒప్పుకుని, నాలుగు స్క్రూలు విప్పి తీసిన డిస్కును పాత చీర ముక్కలో చుట్టి బీరువా పైన పడేస్తారు. దీపావళికో దుర్గాపూజకో ఇల్లు దులిపేటప్పుడు అది మళ్లీ బయటపడుతుంది. అదేమిటో అప్పటికి ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. వీధిలో బిక్రీవాలా కేక వినిపిస్తుంది.